వింటున్న వాచీ

"మా వాషింగ్ మెషిన్ నీళ్ళు పట్టుకుంటుంది గానీ తిరగడం లేదండీ. బోర్డు పోయిందన్నారు," అంది ఆ అమ్మాయి గుమ్మంలోనే నిలబడి, పాఠం అప్పజెబుతున్నట్టు గట్టిగా. సంచిలోంచి బోర్డు తీసి బల్ల మీద పెట్టి ముందుకి తోసింది. బోర్డు అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క కూడా దాంతోపాటే చిప్పలక్క చేతి దగ్గరికి జరిగింది.

చిప్పలక్క అసలు పేరు ఆ కాంప్లెక్సులో ఎవరికీ గుర్తులేదు. మొదటి అంతస్తులో ఫోటో స్టూడియోకీ కళ్ళజోళ్ళ కొట్టుకీ మధ్య, రెండు మంచాలు పట్టని గదిలో ఆమె రకరకాల యంత్రాల బోర్డులు బాగుచేస్తుంది. వాటిలోని చిప్‌లకి ప్రోగ్రాములు ఎక్కిస్తుంది. చిప్‌ల అక్క అని మొదలైన పిలుపు నలుగురి నోళ్ళలో నలిగి చిప్పలక్క అయి కూర్చుంది. "ఇంత చదువూ చదివితే ఆఖరికి చేతికి చిప్పే మిగిలింది" అని అత్తగారు ఎవరొచ్చినా చెప్పి నవ్వుతుంది. కొడుకు లారీ మీద దూరాలు తిరుగుతూ నెలలో సగం రోజులు ఇంట ఉండడు కాబట్టి, పగలంతా ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోలేక ఆవిడ కూడా కోడలి వెంట కొట్టుకి వచ్చేస్తుంది. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, విప్పిన స్క్రూలన్నీ చిన్నవీ పెద్దవీ వేరుచేసి డబ్బా మూతల్లోకి ఏరుతుంది. చెవులు సగమే వినపడతాయి. కళ్ళు మాత్రం రెట్టింపు పనిచేస్తాయి.

చిప్పలక్క కాగితం మడతలు విప్పింది. పెన్సిలు రాత, తొందరలో రాసినది.

"నా చేతి వాచీ మన మాటలు వింటుంది. తీస్తే ఆయనకి తెలిసిపోతుంది. దాని లోపల ఏముందో చూడగలరా? పైకి చదవకండి."

చదివి తలెత్తింది. అమ్మాయి ఎడమ చేతికి నల్ల రబ్బరు పట్టీ ఉన్న చవక రకం వాచీ ఉంది. పట్టీ ఎంత బిగించి ఉందంటే అంచుల వెంట చర్మం ఉబ్బింది. ఆమె ముఖంలో మాత్రం కంగారేమీ లేదు. పాలవాడికి చీటీ ఇచ్చినట్టు ఇచ్చి ఊరుకుంది. ఆ అలవాటు చూసే చిప్పలక్కకి ఒళ్ళు జలదరించింది.

"ఎప్పట్నుంచమ్మా తిరగంది?" అని అడిగింది.

"వారం అయిందండీ. చేత్తోనే ఉతుకుతున్నాను."

"కూర్చో మరి, ఓసారి చూస్తాను."

అమ్మాయి కూర్చుని, అడక్కుండానే ఎడమ చేతిని బల్ల మీద వెల్లకిలా చాపింది. చిప్పలక్క కాగితం వెనక రాసింది: "ఛార్జింగ్ ఎవరు పెడతారు?" అమ్మాయి పెన్సిలు అందుకుంది. "ఆయనే. రాత్రి తన దిండు పక్కన. పొద్దున ఆయనే కడతారు."

వాచీ పక్క అంచున నాలుగు రాగి చుక్కలు ఉన్నాయి. చిప్పలక్క భూతద్దం దించి వాటిని చాలాసేపు చూసింది. ఛార్జింగ్‌కి రెండు చుక్కలు చాలు. మిగతా రెండూ ఊరికే పెట్టరు. ఫ్యాక్టరీలో ప్రోగ్రాము ఎక్కించడానికి పెట్టుకుని, పని అయ్యాక మూసెయ్యకుండా వదిలేసిన దారి కావచ్చు.

సొరుగులోంచి డీబగ్గర్ తీసింది. అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల డబ్బా అది. ఒక కొసని లాప్‌టాప్‌కి తగిలించి, రెండో కొసనుంచి వచ్చే సన్న తీగల్ని సరైన చుక్కలకి ఆనిస్తే చాలు, చిప్ తన మనసులో దాచుకున్నదంతా తెర మీదికి వచ్చేస్తుంది. పరుగులో ఉన్న చిప్‌ని నడిమధ్యలో నిలబెట్టొచ్చు, ఒక్కొక్క అడుగే వేయించి ఎక్కడ తడబడుతోందో పట్టుకోవచ్చు. ఆ కొట్టులో చిప్పలక్క అన్నం తినేది ముఖ్యంగా దీని చలవతోనే. కానీ ఇవాళ నిలబెట్టడానికి లేదు. వాచీ ఒక్క నిమిషం నిలబడినా అవతల తెలిసిపోతుంది. కరెంటు తీగ ఆనిస్తే ఛార్జింగ్ అని చూపిస్తుంది, అదీ కుదరదు. ఆపకుండా, కరెంటివ్వకుండా చదవాలి. మూడు తీగల్ని మూడు చుక్కలకి ఆనించి, వేలితో నొక్కిపట్టి, రెండో చేత్తో కీబోర్డు అందుకుంది. అమ్మాయి నాడి తన వేలి కింద తడుతోంది.

తెర మీద చిప్ తన రకమేమిటో చెప్పింది. తాళం లేదు. చేసినవాళ్ళు తలుపులు బార్లా తెరిచి పెట్టి వెళ్ళిపోయారు. చదివినదాన్నంతా లాప్‌టాప్‌లోకి లాగుతుంటే పచ్చ గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

అది సగం దాటేసరికి వాచీ బుర్రుమంది. చిప్పలక్క చేయి జారబోయి నిలదొక్కుకుంది.

"ఎక్కడున్నావు?" వాచీలోంచి మగ గొంతు. మెత్తగా ఉంది, నిద్రపోయే పిల్లల దగ్గర మాట్లాడినట్టు.

"బోర్డు రిపేరుకి తెచ్చానండీ. పొద్దున చెప్పాను కదా."

"చెప్పావులే. గుండె వేగంగా చూపిస్తోందేంటి?"

"మెట్లెక్కి వచ్చానండీ."

"నెమ్మదిగా ఎక్కొచ్చుగా," అంది ఆ గొంతు. "త్వరగా ఇంటికి వెళ్ళిపో."

పచ్చ గీత అంచుకి చేరింది. చిప్పలక్క తీగలు తీసేసింది. "ఎల్లుండి రామ్మా, బోర్డు చూసి ఉంచుతా," అంది పైకి. అమ్మాయి తలూపి, కాగితం మాత్రం తీసుకోకుండా వెళ్ళిపోయింది. అది తన సంచిలో మొగుడికి దొరకకూడదనే వదిలేసిందని చిప్పలక్కకి కాసేపటికి తట్టింది. సోల్డరింగ్ ఐరన్ మొనకి ఆనించి అంచునుంచి కాల్చేసింది.

"ఎవరే ఆ పిల్ల? పాపం మూగదా?" అంది అత్తగారు. "అన్నీ కాగితం మీదే రాస్తోంది."

చిప్పలక్క బల్ల మీది బూడిదని చేత్తో తుడిచేసింది.

మర్నాడు పొద్దున్నుంచీ వేరే పని ముట్టుకోలేదు. ఇన్వర్టర్ బోర్డు ఇచ్చిన ఆయన రెండుసార్లు వచ్చి తిట్టుకుంటూ వెళ్ళాడు. వాచీలోంచి లాగిన ప్రోగ్రాము తెర మీద అంకెల బారులుగా కిందికి దిగుతూనే ఉంది. వాటి మధ్య అక్కడక్కడా చేసినవాళ్ళు మర్చిపోయి వదిలేసిన మాటలు ఉన్నాయి. చేతికి ఉంది. చేతికి లేదు. చప్పుడు లేకుండా ఫోనెత్తు. ముసలివాళ్ళు పడిపోతే తెలియడానికో, పిల్లలు తప్పిపోతే వెతకడానికో చేసిన వాచీ అయ్యుంటుంది. చేసినవాళ్ళకి దురుద్దేశం ఉందని చిప్పలక్కకి అనిపించలేదు. కానీ అవతలి మనిషి తలచుకుంటే చాలు, వాచీ మోగకుండా, వెలగకుండా మైకు తెరిచేస్తుంది. నాడి ఎంత కొట్టుకుంటోందో, ఎన్ని అడుగులు నడిచిందో, మనిషి ఎక్కడుందో నిమిషానికోసారి పంపిస్తుంది. చర్మం నుంచి విడిపడితే ఆ క్షణమే చాడీ చెప్పేస్తుంది.

నిన్న ఈ గదిలో తామన్న ప్రతి మాటా ఆ మనిషి విని ఉండొచ్చని అర్థమయ్యాక చిప్పలక్క ఒక్కో మాటా గుర్తుచేసుకుంది. తనేమంది? ఎప్పట్నుంచి తిరగడం లేదంది. కూర్చోమంది. ఇంకేమన్నా నోరు జారిందా? అత్తగారు మూగదా అని అడిగింది అమ్మాయి వెళ్ళాకేనా, మెట్ల దగ్గర ఉండగానా?

ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు. మొగుడు వచ్చేది ఎప్పుడో అతనికే తెలియదు. ఎవరి కాపురంలోనో వేలు పెట్టి, అదేదో తిరగబడితే అడ్డం పడేవాళ్ళెవరు? ఒక చీటీ మీద "నా వల్ల కాదమ్మా, ఏమీ అనుకోకు" అని రాసి మడిచి, వాషింగ్ మెషిన్ బోర్డు కింద పెట్టి ఉంచింది. బోర్డులో చెడిపోయింది మోటారుకి కరెంటు వదిలే చిన్న రిలేనే. మార్చడానికి ఎంతోసేపు పట్టలేదు. అయినా సాయంత్రం కొట్టు కట్టేదాకా ఆ అంకెల్లోంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. ఆపకుండా, తీయకుండా దాని నోరు ఎలా మార్చాలన్నది పంటిలో ఇరుక్కున్న పీచులా సతాయించింది. కట్టే ముందు ఆ చీటీ కూడా కాల్చేసింది.

అన్న రోజుకి అమ్మాయి వచ్చింది. చిప్పలక్క ముందుగానే డీబగ్గర్ తీగలు సిద్ధం చేసి పెట్టుకుంది. ఈసారి ఏం చూడాలో తెలుసు. మైకుకి కరెంటు వెళ్ళే చోటు ఒకటుంది. అది మూసి ఉంటే తెర మీద సున్నా, తెరుచుకుంటే ఒకటి. తీగలు ఆనించగానే సున్నా కనిపించింది. వేలు పెట్టి చూపించి, "ఇది సున్నాగా ఉన్నంతసేపూ వినడం లేదు" అని రాసింది.

అమ్మాయి ఆ సున్నాని చాలాసేపు చూసింది. తర్వాత చిన్న గొంతుతో, పెదాలు సరిగా కదపకుండా మాట్లాడింది. రోజుల తరబడి నోరు విప్పని మనిషి గొంతులా బొంగురుగా ఉంది.

"నాకు ఒక్క మధ్యాహ్నం కావాలండీ. అంతే."

"వెళ్ళడానికా?"

"ఒకసారి వెళ్ళాను. తీసి ఇంట్లో పడేసి బస్టాండుకి పోయాను. నాకంటే ముందు ఆయనే ఉన్నారక్కడ. నీళ్ళ సీసా చేతిలో పెట్టి, ఎండన పడి వచ్చావు తాగు అన్నారు."

"స్టేషన్లో చెప్పలేకపోయావా?"

"చెప్పాను. కొట్టాడా అని అడిగారు. కొట్టలేదు. తిట్టాడా అన్నారు. తిట్టలేదు. మరేంటమ్మా నీ బాధ, ఆరోగ్యం కనిపెట్టుకునుండే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు అన్నారు."

చిప్పలక్క తీగలు సర్దింది. తను రెండు రోజులుగా బుర్రలో తిప్పుతున్నది అప్పుడు చెప్పింది. వాచీ తను పంపినవన్నీ తన దగ్గరా ఒక ప్రతి దాచుకుంటుంది. పక్క బొత్తాం మూడుసార్లు అదిరేదాకా నొక్కితే, ఆ క్షణం నుంచి ఇవాళ్టివి మానేసి, నిన్న అదే వేళకి పంపినవే మళ్ళీ పంపేలా ప్రోగ్రాము మార్చొచ్చు. నిన్నటి నాడి, నిన్నటి అడుగులు, నిన్నటిలాగే చేతికి ఉన్నట్టు.

"నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఉంటే పట్టుకుంటారేమో," అంది చిప్పలక్క.

"నాకు ఏ రోజుకీ తేడా ఉండదండీ," అంది అమ్మాయి. "భోజనం వేళ ఒకసారి ఫోన్ చేస్తారు. ఆ తర్వాత ఇంటికి వచ్చేదాకా చూసుకోవడమే, మాట్లాడరు."

"మధ్యలో మైకు తెరిస్తే?"

"నేను ఇంట్లో ఎవరితో మాట్లాడతానండీ? వినపడేది ఫ్యానే."

సరిగ్గా అప్పుడు తెర మీద సున్నా ఒకటయింది.

వాచీ మోగలేదు, వెలగలేదు. అంకె మాత్రం మారింది. అమ్మాయి కూడా చూసింది. ఆమె కళ్ళు తెర మీదే ఉన్నాయి గానీ నోరు వెంటనే అందుకుంది. "గిర్రున తిరుగుతుందంటారా అండీ ఇప్పుడు? మళ్ళీ పోతే వెనక్కి తెస్తాను."

"పోదమ్మా," అంది చిప్పలక్క. తెచ్చిపెట్టుకున్న దగ్గొకటి దగ్గింది. "రిలే మార్చాను. బట్టలు మరీ కుక్కకు. సగం వేస్తే చాలు."

"దుప్పట్లు వేయొచ్చా?"

"ఒకటొకటి వెయ్యి."

ఇద్దరూ దుప్పట్ల గురించి, సబ్బు పొడి గురించి, నీళ్ళలో ఉప్పు గురించి మాట్లాడారు. మాటలు అయిపోయినచోట చిప్పలక్క స్క్రూడ్రైవర్ని బల్ల మీద పడేసి చప్పుడు చేసింది. ఒకటి ఒకటిలాగే ఉంది. గుమ్మంలో అత్తగారు స్క్రూలు ఏరుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఎంతకీ మారదనుకున్న ఒకటి సున్నా అయ్యేసరికి చిప్పలక్క జాకెట్టు వీపున తడిసిపోయింది.

ఇంక నోటితో మాట్లాడే ధైర్యం లేకపోయింది. అసలు చిక్కేమిటో కాగితం మీద రాసింది. కొత్త ప్రోగ్రాము ఎక్కాలంటే వాచీ పూర్తిగా ఆగి మళ్ళీ మొదలవ్వాలి. ఆగిందని ఆయనకి తెలిసిపోతుంది. చేతికి ఉండగా చేయలేను. నీతో రాకుండా వాచీ ఒక్కటే నా దగ్గరికి రావాలి. అది ఎలాగో నాకు తెలియడం లేదు.

అమ్మాయి చదివింది. మళ్ళీ చదివింది. కాగితం తిరిగి ఇచ్చేసి, వాషింగ్ మెషిన్ బోర్డుని సంచిలో పెట్టుకుని, "వస్తానండీ" అని గట్టిగా చెప్పి మెట్లు దిగింది. ఆమె వెళ్ళిన దిక్కు చూస్తూ చిప్పలక్క సిగ్గుపడాల్సినంత నిశ్చింతగా ఊపిరి వదిలింది. తన చేతిలో లేని పని. అయినా మర్నాడంతా కూర్చుని ఆ ప్రోగ్రాము రాసి పెట్టింది.

మరో రెండు రోజులకి ఆయన వచ్చాడు.

చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వచ్చాడు. ఆ కొట్టులోకి చెప్పులు విడిచి ఎవరూ రారు. ఇస్త్రీ చెడని లేతరంగు చొక్కా, మెడ మీద పౌడరు. గొంతు వినగానే చిప్పలక్క చేతిలోని పట్టకారు కింద పడింది.

"మా వాషింగ్ మెషిన్ భేషుగ్గా తిరుగుతోందండీ," అన్నాడు. "మా ఆవిడ మిమ్మల్ని ఒకటే మెచ్చుకుంటోంది."

జేబులోంచి రుమాలు తీసి మడతలు విప్పాడు. లోపల వాచీ ఉంది.

"ఇది ఛార్జింగ్ ఎక్కడం మానేసింది. ఎక్కడికి పట్టుకెళ్ళినా కొత్తది కొనుక్కోమంటున్నారు. కొత్తదానికేం, కొంటాను. పాతవన్నీ ఇందులో ఉన్నాయి కదా. ఆ అక్కకి చూపించండి, ఆవిడ చేతిలో బాగుపడుతుంది అని మా ఆవిడే పంపించింది."

"ఆవిడ రాలేదా?" అంది చిప్పలక్క.

"ఇంట్లో ఉంది. బయట తాళం వేసి వచ్చాను. ఇది చేతికుంటే నాకు తాళంతో పనుండదు." చిన్నగా నవ్వాడు. "దొంగల భయం కదండీ."

అత్తగారు కుర్చీలోంచి ముందుకి వంగింది. "మొన్న వచ్చిన అమ్మాయి నీ భార్యేనా నాయనా? ఆ మూగపిల్ల?"



"మూగా?" అన్నాడాయన.

"మా అత్తగారికి చెవులు ఆనవండీ," అంది చిప్పలక్క. మాట తడబడకుండా రావడం ఆమెకే వింత అనిపించింది. "మెల్లగా మాట్లాడే వాళ్ళంతా ఆవిడకి మూగవాళ్ళే. మీరూ అంతే, కాస్త గట్టిగా మాట్లాడండి, లేకపోతే మిమ్మల్నీ అదే అంటుంది."

ఆయన అత్తగారి వైపు ఒకసారి, చిప్పలక్క వైపు ఒకసారి చూశాడు. తర్వాత నవ్వాడు. "నాతో కూడా అంతేలెండి. మాట్లాడడం తగ్గించేసింది." స్టూలు లాక్కుని బల్లకి ఎదురుగా కూర్చున్నాడు. "నేను ఉంటాను. చేసెయ్యండి."

చిప్పలక్క వాచీని భూతద్దం కింద పెట్టింది. రాగి చుక్కల మీద పల్చగా, నీటి పొరలాంటిదేదో మెరుస్తోంది. గోరంచుతో గీకితే పొట్టులా లేచింది. రంగులేని నెయిల్ పాలిష్. చుక్క మీద చుక్కంత, పక్కకి కారకుండా, ఎంతో నెమ్మదిగా పూసి ఉంది. ఛార్జింగ్ ఎక్కకుండా ఆ అమ్మాయే చేతికి కట్టిన వాచీకి రెండో చేత్తో పూసి, ఆరేదాకా మోచెయ్యి కదపకుండా కూర్చుని ఉంటుంది.

చిప్పలక్క తల ఎత్తలేదు. ఎత్తితే ముఖంలో కనపడిపోతుంది. స్పిరిటు సీసా అందుకోబోయి ఆగింది. పొర కరిగితే ఆ వాసన ఎవరికైనా తెలుస్తుంది. చిన్న బ్లేడు తీసుకుని, శ్వాస కూడా ఆపి, నాలుగు చుక్కలూ గీకింది.

"ఏముందండీ?" అన్నాడాయన ముందుకి వంగి.

"చిలుము. చెమటకి పడుతుంది." రాలిన పొట్టుని చిటికెన వేలితో తుడిచేసింది. "లోపల బ్యాటరీ లెక్క కూడా తప్పినట్టుంది. అదీ సరిచెయ్యాలి."

డీబగ్గర్ తీగలు బిగించింది. ఈసారి కరెంటు తీగ కూడా ఇచ్చింది. తను రాసిన ప్రోగ్రాము ఎంచుకుంది. ఎక్కించు అన్నచోట నొక్కే ముందు వేలు ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడు ఆపేయొచ్చు. చిలుము గీకాను, బాగైపోయింది అని ఇచ్చి పంపేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

నొక్కింది.

"ఏంటది ఎక్కుతోంది?" ఆయన లేచి బల్ల చుట్టూ వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. పౌడరు వాసన వచ్చింది.

"చెప్పాను కదండీ, బ్యాటరీ లెక్క."

"పాతవి పోవుగా?"

"పోవు. నిన్నటిదాకా ఉన్నవన్నీ భద్రంగా ఉంటాయి."

గీత అంచుదాకా వెళ్ళి ఎర్రబడింది. తప్పు అని చూపించింది. ఎక్కించినదీ ఎక్కినదీ సరిపోలడం లేదట. ఇప్పుడు వాచీలో పాతదీ లేదు, కొత్తదీ లేదు.

"ఎరుపొచ్చింది," అన్నాడాయన చెవి దగ్గర.

"తీగ జారింది." నిజంగానే జారింది. వేళ్ళు ముడిచి, విప్పి, తీగని మళ్ళీ బిగించి, మళ్ళీ నొక్కింది. గీత ఈసారి పచ్చగా నిలిచింది. వాచీ ఒకసారి అదిరి వెలిగింది.

ఆయన ఫోను తీసి చూసుకున్నాడు. "చేతికి లేదు అంటోంది. సరే. ఒక్కసారి మీ చేతికి పెట్టుకోండి, చూద్దాం."

"నాకెందుకండీ, మీరు పెట్టుకోండి."

"నేను ఇందులో చూడాలి కదా." వాచీ అందుకుని, ఆమె ఏమీ అనేలోపే మణికట్టు చుట్టూ పట్టీ తిప్పి, పట్టీలోని ఆఖరి కన్నానికి బిగించాడు. అలవాటైన చేయి. ఒక్క క్షణంలో అయిపోయింది.

ఫోను చూస్తూ కనుబొమలు పైకెత్తాడు. "మీ గుండె చాలా వేగంగా కొట్టుకుంటోందండీ."

చిప్పలక్క మెట్లు ఎక్కి రాలేదు. గంటనుంచి అదే కుర్చీలో కూర్చుని ఉంది.

"దానికి రక్తపోటు నాయనా," అంది గుమ్మంలోంచి అత్తగారు, స్క్రూలు ఏరుతూనే. "మాత్ర వేసుకోమంటే వేసుకోదు. నువ్వైనా చెప్పు."

"వేసుకోవాలండీ," అన్నాడాయన ఎంతో శ్రద్ధగా. పట్టీ విప్పి వాచీని మళ్ళీ రుమాల్లో చుట్టాడు. "మా ఆవిడకీ ఇదే జబ్బు. విడిగా ఉంటే బాగానే చూపిస్తుంది, నేను వెళ్ళి పక్కన కూర్చునేసరికి ఇలా పెరిగిపోతుంది. అందుకే కదా ఇది కొన్నది."

గుమ్మం దాటి చెప్పులు వేసుకుంటుంటే చిప్పలక్క వెనకనుంచి పిలిచింది. "మీ ఆవిడకి చెప్పండి. నిన్నటివన్నీ ఎక్కడికీ పోలేదని, అన్నీ వాచీలోనే ఉన్నాయని."

"తప్పకుండా చెప్తాను," అని ఆయన మెట్లు దిగాడు.

ఆ తర్వాత రోజులు చిప్పలక్కకి ముళ్ళ మీద గడిచాయి. మెట్ల మీద అడుగు వినపడితే పని ఆగిపోయేది. ఇంట్లో పడక ముందు గడియ రెండుసార్లు చూసేది. బొత్తాం నొక్కినప్పుడు నిజంగా మూడుసార్లు అదురుతుందా, రెండుసార్లకే ఆగిపోతుందా? గీత ఎర్రబడినప్పుడు లోపల ఇంకేమన్నా చెడిందా? తను పొరపాటు చేసి ఉంటే ఆ అమ్మాయి ఈసారి కూడా బస్టాండులో ఆ నీళ్ళ సీసానే అందుకుంటుంది. తినబోతే అన్నం సయించేది కాదు. అత్తగారు కంచం చూసేది, ముఖం చూసేది, ఏమీ అడిగేది కాదు.

ఒక పొద్దున కొట్టు తెరవడానికి వెళ్ళేసరికి, మూసి ఉన్న షట్టరు ముందు మెట్టు మీద ఆయన కూర్చుని ఉన్నాడు. చొక్కా నలిగిపోయి ఉంది. గడ్డం గీసుకోలేదు. అత్తగారు చిప్పలక్క మోచెయ్యి పట్టుకుంది.

ఆయన లేవలేదు. ఫోను చిప్పలక్క వైపు చాపాడు. "చూడండి. ఇప్పుడు ఇంట్లో నడుస్తోందట. గుండె మామూలుగా ఉందట." రెండో చేయి తెరిచాడు. అరచేతిలో వాచీ ఉంది. "నిన్న సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఇది దిండు మీద ఉంది. మనిషి లేదు. ఊళ్ళో ఉన్న ప్రతి చోటూ వెతికాను."

లేదు అన్న ఒక్క మాట చిప్పలక్క చెవుల్లో ఆగిపోయింది. మనిషి లేదు. రాత్రంతా వెతికినా లేదు. షట్టరు తాళం తీసి పైకెత్తింది. అత్తగారిని ముందు లోపలికి పంపింది.

"ఏం చేశారు దీనికి?" అన్నాడాయన వెనకే వచ్చి. చెప్పులు విడవలేదు.

"మీ ఎదురుగానే చేశాను కదండీ. మీరు నా వెనకే నిలబడి చూశారు. నా చేతికి కట్టి, బాగుందని మీరే అన్నారు."

ఆయన వాచీని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. నిజమే. ఎవరితో చెప్పుకున్నా ఆ మాటే చెప్పాలి.

"మీరిద్దరూ ఆడవాళ్ళు," అన్నాడు చివరికి. గొంతు ఇంకా మెత్తగానే ఉంది, అదే ఎక్కువ భయం వేసింది. "రెండుసార్లు వచ్చింది మీ దగ్గరికి. ఏదో చెప్పుకునే ఉంటుంది. ఎక్కడికి వెళ్తానంది?"

"మేమేం మాట్లాడుకున్నామో మీరు విన్నారు కదండీ," అంది చిప్పలక్క.

అనేశాక తెలిసింది, అన్నానని. పక్క కొట్టు షట్టరు పెద్ద చప్పుడుతో లేచింది. ఫోటో స్టూడియో ఆయన "ఏమక్కా, పొద్దున్నే బేరమా" అంటూ తొంగిచూసి, మనుషుల ముఖాలు చూసి అక్కడే నిలబడ్డాడు. కళ్ళజోళ్ళ ఆయన కూడా చీపురు చేతిలోనే పట్టుకుని బయటికి వచ్చాడు. వాళ్ళకేమీ తెలియదు. ఊరికే నిలబడ్డారు.

"దుప్పట్లు," అన్నాడాయన నెమ్మదిగా. "సబ్బు పొడి." ఆ మాటల్ని ఇప్పుడే మొదటిసారి వింటున్నట్టు ముఖం పెట్టాడు. తర్వాత వాచీని జేబులో వేసుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మీ ఇల్లు ఎక్కడండీ?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పినా రెండు రోజులు ఆగుతుంది. "నీళ్ళ ట్యాంకు వెనక సందులో ఆకుపచ్చ గేటు," అంది చిప్పలక్క, బయట నిలబడ్డ ఇద్దరికీ వినపడేలా. "చిప్పలక్క ఇల్లంటే ఎవరైనా చూపిస్తారు. వచ్చేముందు ఇక్కడ చెప్పి రండి, వీళ్ళు కూడా తోడొస్తారు."

ఆయన తలూపాడు, ఎవరో పెళ్ళికి పిలిచినంత మర్యాదగా. మెట్లు దిగుతున్న అడుగులు చివరి మెట్టుదాకా వినపడ్డాయి.

తర్వాత చాలా రోజులు ఆకుపచ్చ గేటుకి లోపలా బయటా తాళం వేశారు. ఆయన రాలేదు. ఆ అమ్మాయి ఎక్కడికి వెళ్ళిందో చిప్పలక్కకి ఆ తర్వాత ఎప్పటికీ తెలియలేదు. ఎవరినీ అడగలేదు కూడా.

ఆ పొద్దున మాత్రం, అందరూ ఎవరి కొట్లలోకి వాళ్ళు వెళ్ళిపోయాక, ఇన్వర్టర్ ఆయన బోర్డు ముందేసుకుని సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంది. మొన వణికిపోతోంది. ఒకసారి పెట్టబోయి తీసేసింది, రెండోసారీ తీసేసింది. అత్తగారు మోకాళ్ళు పట్టుకుని కుర్చీలోంచి లేచి వచ్చి, స్టూలు పక్కకి లాక్కుని కూర్చుంది. బోర్డు రెండు అంచులూ రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

"నేను పట్టుకున్నానుగా," అంది. "నువ్వు పెట్టు."